ఫైనాన్స్ ఉద్యోగం కోసం అమెరికాలో యూనివర్సిటీ మారాలా? నెలలు, క్రెడిట్లు, డాలర్లు లెక్కేసి తేల్చుకునే పద్ధతి

"అన్నా, నేను స్టేట్ యూనివర్సిటీలో ఫస్టియర్. వాల్ స్ట్రీట్‌లో ఉద్యోగం రావాలంటే పెద్ద కాలేజీకి మారాలట కదా?" ఈ ప్రశ్న నన్ను ఎడిసన్ నుంచి అడుగుతారు, ఫ్రిస్కో నుంచి అడుగుతారు. ఎక్కువసార్లు పిల్లల కంటే ముందు వాళ్ల నాన్నగారే ఫోన్ చేస్తారు. ప్రతిసారీ అదే ముప్పావుగంట మాట్లాడుతున్నాను కాబట్టి, ఆ ముప్పావుగంటను ఇక్కడ వరుసగా రాసి పెడుతున్నాను.

నేనూ మారినవాణ్ణే. రెండేళ్లు ఒకచోట చదివి, మూడో ఏడాది ఆగస్టులో ఇంకొంచెం పేరున్న చోటికి వెళ్లాను. మొదటి వారంలోనే తెలిసింది, ఫైనాన్స్ క్లబ్బులో నా పక్కన కూర్చున్నవాళ్లలో చాలామందికి వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్ అప్పటికే ఖాయమైపోయిందని. నేను కాలేజీని సరిగ్గానే ఎంచుకున్నాను, నెలల లెక్క తప్పాను. అందుకే ఈ మార్గదర్శిలో కాలేజీల పేర్లు చాలా కిందికి గానీ రావు.

ఇది అమెరికాలో బ్యాచిలర్స్ చదువుతూ, ఇంకా రెండో ఏడాది దాటనివాళ్ల కోసం. ఎమ్మెస్‌కి వచ్చినవాళ్ల దారి వేరు.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- అనధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ (గ్రేడ్ల జాబితా), డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఇంకా ఏ కోర్సులు మిగిలాయో చూపే పట్టిక) ప్రింటు
- ఇప్పటిదాకా చేసిన ప్రతి కోర్సు సిలబస్, పీడీఎఫ్‌గా
- ఈ ఏడాది కాలేజీకి నిజంగా కట్టిన డబ్బు లెక్క, స్కాలర్‌షిప్ ఉత్తరం
- ఖాళీ స్ప్రెడ్‌షీట్ ఒకటి
- రెండు వారాంతాలు

## 1. ఏ ఫైనాన్సో ముందు తేల్చుకోండి

"ఫైనాన్స్‌లోకి వెళ్తా" అనడం "మెడిసిన్‌లోకి వెళ్తా" అన్నంత అస్పష్టంగా ఉంటుంది. కాలేజీ పేరుకు ఉన్న బరువు ఒక్కో దారిలో ఒక్కోలా ఉంటుంది.

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్, అంటే కంపెనీల కొనుగోళ్లు, నిధుల సేకరణ లాంటి డీల్స్ చేసే పని. కాలేజీ పేరు బాగా పనిచేసేది ఇక్కడే. బ్యాంకులు కొన్ని క్యాంపస్‌లకే మనుషుల్ని పంపిస్తాయి, వాటిని టార్గెట్ స్కూళ్లు అంటారు. అప్పుడప్పుడు తీసుకునేవి సెమీ టార్గెట్, అసలు రానివి నాన్ టార్గెట్. ఈ జాబితాలు ఏ బ్యాంకూ అధికారికంగా అచ్చువేయదు. బ్యాంకును బట్టి, నగరాన్ని బట్టి కూడా మారతాయి. హ్యూస్టన్‌లో ఆయిల్, గ్యాస్ డీల్స్ చేసే జట్లకు ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ కుర్రాడు పరాయివాడు కాదు.

క్వాంట్ (గణిత నమూనాలతో పెట్టుబడులు పెట్టేవి), ట్రేడింగ్ సంస్థలు. వీళ్లకు కావలసింది గణితం, ప్రాబబిలిటీ, కోడింగ్. బిజినెస్ స్కూల్‌కి మారడం ఇక్కడ ఒక్కోసారి వెనకడుగే అవుతుంది. మంచి మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటే అక్కడే ఉండండి.

కార్పొరేట్ ఫైనాన్స్ (కంపెనీల సొంత ఆర్థిక విభాగాలు), కమర్షియల్ బ్యాంకింగ్ (వ్యాపారాలకు అప్పులిచ్చేది), బిగ్ ఫోర్ అనే నాలుగు పెద్ద అకౌంటింగ్ సంస్థలు. పెద్ద స్టేట్ యూనివర్సిటీల నుంచి వీళ్లు ఏటా బాగానే తీసుకుంటారు. కేవలం వీటికోసం మారాల్సిన అవసరం చాలా అరుదు.

యాక్చూరియల్, అంటే బీమా లాంటి చోట్ల రిస్కును లెక్కగట్టే పని. ఇక్కడ పరీక్షలే మాట్లాడతాయి. మొదటి రెండు, ప్రాబబిలిటీ, ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్, చదువుకుంటూనే పాసైతే కాలేజీ పేరు ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

స్ప్రెడ్‌షీట్ మొదటి గడిలో ఒకే ఒక్క దారి పేరు రాయండి. రెండు రాయాలనిపిస్తే, ఆ రెండు పనులూ చేస్తున్నవాళ్లతో చెరొక పావుగంట మాట్లాడి రండి. గడి ఖాళీగా ఉన్నంతవరకు మిగతా మెట్లు ఎక్కి లాభం లేదు.

## 2. క్యాలెండర్ గీయండి

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అని రాసుకున్నవాళ్లకు అసలు కీలకం ఇదే. కాస్త నెమ్మదిగా చదవండి.

పెద్ద బ్యాంకుల్లో డిగ్రీ అయ్యాక ఇచ్చే అనలిస్టు ఉద్యోగాల్లో ఎక్కువ భాగం, మూడో ఏడాది తర్వాతి వేసవిలో తమ దగ్గర ఇంటర్న్‌గా చేసినవాళ్లకే వెళ్తాయి. ఆ ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తులు ఏడాదికి పైగా ముందే తెరుస్తారు, అంటే మీరు రెండో ఏడాదిలో ఉండగానే. 2026 వేసవి ఇంటర్న్‌షిప్‌కి చాలా బ్యాంకులు 2025 మొదటి నెలల్లోనే దరఖాస్తులు తీసుకున్నాయి. కొన్ని 2024 డిసెంబర్ నుంచే మొదలుపెట్టాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. 2026 ఆగస్టులో ఫస్టియర్‌లో చేరి, 2030 మేలో డిగ్రీ అందుకునే అమ్మాయి అనుకోండి. ఆమెకు ముఖ్యమైన వేసవి 2029. దానికి దరఖాస్తులు సుమారుగా 2027 డిసెంబర్, 2028 ఫిబ్రవరి మధ్య తెరుచుకుంటాయి.

దారి అ: ఫస్టియర్‌లో ఉండగానే దరఖాస్తు. 2027 మార్చి నాటికి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు వేస్తుంది, ఆగస్టులో కొత్త చోట రెండో ఏడాదిలో చేరుతుంది. బ్యాంకుల దరఖాస్తులకు నాలుగు నెలలే వ్యవధి. గట్టిగా పరిగెత్తాలి గానీ పని అవుతుంది.

దారి ఆ: రెండో ఏడాదిలో దరఖాస్తు. 2028 మార్చిలో వేసి, ఆగస్టులో మూడో ఏడాదిలో చేరుతుంది. ఈలోగా 2029 వేసవి సీట్లు చాలావరకు నిండిపోయి ఉంటాయి. అంటే ఆ దరఖాస్తులన్నీ పాత కాలేజీ పేరుతోనే వేసి ఉండాలి. కొత్త పేరు రెజ్యూమేలోకి వచ్చేసరికి పెళ్లి భోజనాలు అయిపోయి విస్తళ్లు ఎత్తుతుంటారు.

నేను పడింది ఈ రెండో దారిలోనే.

దారి ఆ తప్పనిసరైతే, కాస్త నష్టాన్ని తగ్గించే మార్గాలు మూడున్నాయి.

1. చిన్న బ్యాంకులు, అంటే బొటీక్‌లు, పెద్దవాటి కంటే ఆలస్యంగా తీసుకుంటాయి. మూడో ఏడాది శీతాకాలం దాకా కూడా అవకాశాలు మిగిలి ఉండొచ్చు.
2. కార్పొరేట్ ఫైనాన్స్, కమర్షియల్ బ్యాంకింగ్ రిక్రూటింగ్ మూడో ఏడాది మొదటి సెమిస్టర్‌లో బాగా నడుస్తుంది. నాకు దొరికింది అదే. ఒక బ్యాంకులో అప్పులు మదింపు చేసే క్రెడిట్ విభాగంలో మొదలుపెట్టాను, బాధపడలేదు.
3. పాత కోర్సుల క్రెడిట్లు (కోర్సు పాసైతే డిగ్రీ లెక్కలో పడే పాయింట్లు) పోవడం వల్ల ఎలాగూ డిగ్రీ ఒక ఏడాది వెనక్కి జరుగుతుంటే, బ్యాంకులు చూసేది డిగ్రీ పూర్తయ్యే తేదీని కాబట్టి, మీ రిక్రూటింగ్ కూడా ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది. కానీ ఆ ఏడాది ఫీజు ఎవరు కడతారో అయిదో మెట్టులో రాయాలి.

చేయాల్సిన పని: పన్నెండు నెలలకు ఒక వరుస చొప్పున నాలుగు వరుసలు గీయండి. ట్రాన్స్‌ఫర్ గడువు ఎరుపులో, బ్యాంకు దరఖాస్తుల కాలం నీలంలో, పరీక్షల వారాలు నల్లగా వేయండి. నీలం కంటే ముందు కొత్త క్యాంపస్‌లో మీకు కనీసం ఒక సెమిస్టర్ కనబడుతుందా? లేకపోతే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కోసం మారే ఆలోచనను ఇక్కడే పక్కన పెట్టి, తొమ్మిదో మెట్టుకు వెళ్లండి.

## 3. మీ కాలేజీ నుంచి ఎవరు వెళ్తున్నారో లెక్కపెట్టండి

"మా కాలేజీ నుంచి ఎవరూ వెళ్లరు" అని చెప్పేవాళ్లలో చాలామంది లెక్కపెట్టి చెప్పరు. లెక్క ఇలా తీయండి.

1. లింక్డ్‌ఇన్‌లో మీ యూనివర్సిటీ పేజీ తెరిచి అలుమ్నై ట్యాబ్‌లోకి వెళ్లండి.
2. చదివిన సంవత్సరాలను గత నాలుగైదు బ్యాచ్‌లకు కుదించండి.
3. వెతికే గడిలో బ్యాంకు పేరు వేయండి, తర్వాత "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అనలిస్ట్" అని వేయండి.
4. వచ్చిన ప్రతి మనిషి ప్రొఫైల్ తెరవండి. ఎంబీఏ తర్వాత వెళ్లినవాళ్లను, మీ కాలేజీలో మాస్టర్స్ మాత్రమే చేసినవాళ్లను తీసేయండి.
5. మిగిలినవాళ్లు ఏ విభాగంలో ఉన్నారో రాయండి.

అయిదోది చాలామంది వదిలేస్తారు. గోల్డ్‌మన్ శాక్స్‌కి డాలస్‌లో, హైదరాబాద్‌లో, జేపీ మోర్గన్‌కి ప్లేనోలో పెద్ద ఆఫీసులున్నాయి. అక్కడ టెక్నాలజీ, ఆపరేషన్స్, రిస్క్ పనులు చేసేవాళ్లు వేలల్లో ఉంటారు. మంచి ఉద్యోగాలే, కానీ మీరు మొదటి గడిలో రాసుకున్న ఉద్యోగం అది కాదు. "మా వదిన తమ్ముడు గోల్డ్‌మన్‌లో ఉన్నాడు" అన్నప్పుడు, ఏ విభాగమండీ అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇప్పుడు అదే లెక్క మీరు మారాలనుకుంటున్న చోటికీ తీయండి. అయితే బ్యాచ్ సైజు కూడా పక్కనే రాయండి. పదివేల మంది ఉన్న చోట నుంచి ఇరవై మంది వెళ్లడం, అయిదొందల మందిలో ఇరవై మంది వెళ్లడం ఒకటి కాదు.

నా కొలబద్ద ఇది. మీ కాలేజీ నుంచి ఏటా అయిదారుగురైనా వెళ్తుంటే అక్కడ దారి ఉంది. వాళ్లంతా ఒకే క్లబ్బు నుంచో, ఒకే ఆనర్స్ ప్రోగ్రామ్ నుంచో వెళ్లి ఉంటారు. మారడం కంటే ఆ క్లబ్బులో చేరడం చవక. నాలుగేళ్లలో ఒక్కరూ లేకపోతే, మారాలన్న మీ ఆలోచనకు బలముంది.

ఆ జాబితాలోంచి ఆరుగురికి సందేశం పంపండి. నాలుగు వాక్యాలు చాలు: నేనెవరు, మనిద్దరిదీ ఒకే కాలేజీ, పావుగంట మాట్లాడొచ్చా, వచ్చే వారం ఫలానా రెండు సమయాల్లో నేను ఖాళీ. రెజ్యూమే జతచేయొద్దు, ఉద్యోగం అడగొద్దు. ఇద్దరు జవాబిచ్చినా గొప్పే.

ఫోన్లో అడగాల్సిన ప్రశ్నలు:

- మీకు మొదటి ఇంటర్వ్యూ ఎవరి ద్వారా వచ్చింది?
- ఇక్కడే ఉండి మళ్లీ మొదలుపెడితే ఏ నెలలో ఏం చేసేవారు?
- మీ జట్టులో వేరే కాలేజీ నుంచి మారి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

## 4. క్రెడిట్లు ఎన్ని వస్తాయో ముందే తేల్చండి

మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో స్లైడింగ్ తెలుసు కదా, పై కాలేజీలో సీటొస్తే కింది సీటు దానంతటదే పోతుంది. ఇక్కడ అలా కాదు. మీరు విత్‌డ్రా చేసుకునే దాకా పాత సీటు పదిలం. కానీ చదివిన చదువంతా మీతో వస్తుందన్న హామీ లేదు.

కొత్త కాలేజీ ప్రతి కోర్సునూ మూడు రకాలుగా చూస్తుంది: మేజర్‌కి, అంటే ప్రధాన సబ్జెక్టుకి లెక్కలోకి వచ్చేవి, ఎలెక్టివ్‌గా (ఐచ్ఛిక కోర్సుగా) మాత్రమే వచ్చేవి, అసలు రానివి. ముంచేది రెండో రకం. ట్రాన్స్‌క్రిప్ట్ మీద క్రెడిట్ కనిపిస్తుంది, డిగ్రీకి మాత్రం అక్కరకు రాదు. నా రెండో అకౌంటింగ్ కోర్సును ఇలాగే ఎలెక్టివ్ కింద వేశారు. అదే పాఠం, అదే డెబిట్టు క్రెడిట్టు, మళ్లీ ఒక సెమిస్టర్ కూర్చున్నాను.

ఈ ఆరు కోర్సుల్ని విడిగా పరిశీలించండి: ఫైనాన్షియల్ అకౌంటింగ్, మేనేజీరియల్ అకౌంటింగ్, మైక్రో, మాక్రో ఎకనామిక్స్, కాల్క్యులస్, స్టాటిస్టిక్స్. వీటిలో కాల్క్యులస్ దగ్గర జాగ్రత్త. బిజినెస్ కాల్క్యులస్ చేసి వెళ్తే కొన్నిచోట్ల ఒప్పుకోరు, ఇంజినీరింగ్ వాళ్లు చదివేదే కావాలంటారు. మారే ఆలోచన కాస్తయినా ఉంటే మొదటి నుంచీ కష్టమైనదే తీసుకోండి.

ఎక్కడ చూడాలంటే, కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఉన్నవాళ్లకు అసిస్ట్ డాట్ ఆర్గ్ ఉంది. టెక్సస్‌లో కోర్సులకు ఉమ్మడి నంబర్లున్నాయి. మిగతా రాష్ట్రాలవాళ్లు ట్రాన్స్‌ఫరాలజీ అనే వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. ఎందులోనూ దొరకకపోతే సిలబస్ పీడీఎఫ్‌లు జతచేసి కొత్త కాలేజీ అడ్మిషన్స్‌కి మెయిల్ పెట్టండి. జవాబు మెయిల్‌లోనే ఉండాలి. ఫోన్లో చెప్పిన మాట రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లదు.

మరో రెండు విషయాలు. ప్రతి యూనివర్సిటీ "మా దగ్గర కనీసం ఇన్ని క్రెడిట్లు చేయాలి" అంటుంది. న్యూయార్క్ యూనివర్సిటీలో అది 64, అంటే దాదాపు రెండేళ్ల చదువు. హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లను కొత్త కాలేజీ తన సొంత పట్టికతో మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తుంది, అందుకని వాటిని ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు నుంచి మళ్లీ పంపించాలి.

## 5. డబ్బు: ఏడాది ఫీజు కాదు, డిగ్రీ మొత్తం

ఇంట్లో అందరూ కూర్చుని చేయాల్సిన లెక్క ఇది. పిల్లలు ఒక్కరే చేస్తే ఆశ ఎక్కువ, పెద్దలు ఒక్కరే చేస్తే భయం ఎక్కువ.

స్ప్రెడ్‌షీట్‌లో రెండు నిలువు వరుసలు పెట్టండి, "ఉంటే", "మారితే" అని. ఒక్కో దాంట్లో:

- మిగిలిన సెమిస్టర్లు ఎన్ని, పోయే క్రెడిట్లు కలిపి
- ట్యూషన్, ఇల్లు, తిండి, ఇన్సూరెన్స్
- ప్రస్తుత స్కాలర్‌షిప్ పోతే ఆ మొత్తం
- ఇన్-స్టేట్ (సొంత రాష్ట్రంవాళ్లకు ఇచ్చే) ఫీజు రాయితీ పోతే ఆ తేడా
- అప్పు ఎవరి పేరు మీద, ఎంత

ఉదాహరణకు, ఇప్పుడు అన్నీ కలిపి ఏడాదికి 32 వేల డాలర్లు అవుతోంది, మూడేళ్లు మిగిలింది అనుకోండి. న్యూయార్క్ యూనివర్సిటీ లాంటి చోట మొత్తం ఖర్చు ఏడాదికి 90 వేల డాలర్లు దాటింది. తేడా 58 వేలు. మూడేళ్లకు లక్షా 74 వేలు. ఒక్క సెమిస్టర్ అదనంగా పడితే ఇంకో 45 వేలు. ఈ అంకె స్ప్రెడ్‌షీట్‌లో కనబడ్డాక చాలా ఇళ్లలో కాసేపు ఎవరూ మాట్లాడరు. అది మంచిదే.

ట్రాన్స్‌ఫర్‌గా వచ్చేవాళ్లకు మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఫస్టియర్ వాళ్లకంటే చాలాచోట్ల తక్కువ. కాలేజీ వెబ్‌సైట్‌లో సాయం పోను ఎంత కట్టాలో అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ చూపించే అంకె సాధారణంగా ఫస్టియర్ విద్యార్థి కోసం లెక్కగట్టింది, ట్రాన్స్‌ఫర్‌కి అలాగే వర్తిస్తుందనుకోవద్దు.

అప్పు మీద ఆధారపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ డైరెక్ట్ లోన్ మొత్తం డిగ్రీకి 31 వేల డాలర్లే. మిగతాది తల్లిదండ్రుల పేరు మీద ప్రభుత్వం ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్‌తో నెట్టుకొచ్చే అలవాటు ఉండేది. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు దానికీ పరిమితి పెట్టారు: ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు. ఆ పైన ప్రైవేటు లోనే గతి, వడ్డీ చూసుకోండి.

నా అభిప్రాయం అడిగితే, దారి అ లో ఉండి, అదనపు అప్పు కుటుంబం తట్టుకోగలిగినంతే అయితే మారొచ్చు. ఇల్లు రీఫైనాన్స్ చేసి మారమని మాత్రం నేనెవరికీ చెప్పను. బ్యాంకు ఉద్యోగం ఖాయం కాదు, ఈఎంఐ ఖాయం.

## 6. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు పై అయిదు మెట్లతో పాటు ఇవి కూడా చూడాలి.

1. కొత్త చోట సీటు ఖాయమయ్యాక, పాత కాలేజీ డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మీ సెవిస్ రికార్డును, అంటే ప్రభుత్వ డేటాబేస్‌లోని మీ వివరాలను, కొత్త కాలేజీకి విడుదల చేయాలి. విడుదల తేదీ మీరు కోరుకుంటారు. ఆ తేదీ దాటాక వెనక్కి రావడం కష్టం కాబట్టి, వేసవిలో పాత క్యాంపస్‌లో ఉద్యోగం ఉంటే అది ముగిసే తేదీ చూసి పెట్టుకోండి.
2. విడుదలైన అయిదు నెలల్లోపు కొత్త చోట క్లాసులు మొదలవ్వాలి.
3. కొత్త ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) వచ్చేదాకా దేశం దాటకండి. జూలైలో పెళ్లి ఉందని హైదరాబాద్ టికెట్ ముందే కొనేవాళ్లు ఎక్కువ, అందుకే చెబుతున్నాను.
4. సీపీటీ (చదువుతుండగా పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేయాలంటే సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం అయి ఉండాలి. పాత కాలేజీలో చేసిన ఏడాదిని లెక్కలోకి తీసుకుంటారా అని కొత్త కాలేజీ డీఎస్ఓను రాతపూర్వకంగా అడగండి.
5. మేజర్ పేరు కాదు, దాని సీఐపీ కోడ్ (ప్రతి కోర్సు రకానికీ ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) చూడండి. మామూలు ఫైనాన్స్ కోడ్ 52.0801 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు. అంటే ఓపీటీ, డిగ్రీ తర్వాత పనిచేసే అనుమతి, 12 నెలలే. ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ కోడ్ 27.0305, 2022 జనవరిలో చేర్చిన ఫైనాన్షియల్ అనలిటిక్స్ కోడ్ 30.7104 జాబితాలో ఉన్నాయి, వీటికి మరో 24 నెలలు అడగొచ్చు. ఒకే ఫైనాన్స్ డిగ్రీ రెండు కాలేజీల్లో రెండు కోడ్‌లతో ఉండొచ్చు. ఇది ఐ-20 మీదే రాసి ఉంటుంది.

మొదటి ఏడాదిలో కాలేజీ మారడం మీద ఆంక్షలు పెట్టే ప్రతిపాదన 2025 ఆగస్టులో వచ్చింది. కాబట్టి దరఖాస్తు ఫీజు కట్టే ముందే, ఆ రోజుకి అమల్లో ఉన్న నిబంధన ఏమిటో డీఎస్ఓను అడిగి తెలుసుకోండి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన స్క్రీన్‌షాట్ చాలదు.

## 7. ఎక్కడికి వేయాలి

ముందు మీ యూనివర్సిటీ లోపలే చూడండి. ఎకనామిక్స్‌లో ఉండి అదే క్యాంపస్ బిజినెస్ స్కూల్‌కి మారడం చాలామందికి సరిపోతుంది. క్రెడిట్లు పోవు, ఫీజు పెద్దగా మారదు.

బయటికే అనుకుంటే, ట్రాన్స్‌ఫర్లను నిజంగా తీసుకునే చోట్లకే వేయండి. ర్యాంకుల జాబితా పైనుంచి కిందికి వేసుకుంటూ పోవడం మన ఇళ్లలో ఉన్న పాత జబ్బు. ప్రిన్స్‌టన్ 1990 నుంచి ట్రాన్స్‌ఫర్లను ఆపేసి 2018లో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు, ఇప్పటికీ తీసుకునేది కొద్దిమందినే. అదే న్యూయార్క్ యూనివర్సిటీ స్టర్న్, కార్నెల్, దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ మార్షల్, ఆస్టిన్ మెకూంబ్స్ లాంటివి ఏటా ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులు పరిశీలిస్తాయి (స్టర్న్, మార్షల్, మెకూంబ్స్, కింద వచ్చే హాస్ ఆయా యూనివర్సిటీల బిజినెస్ స్కూళ్లు). బర్క్‌లీ హాస్‌లోకి కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల నుంచి వెళ్లే దారి ఎప్పటినుంచో ఉంది. అయితే వాళ్లు చేర్చుకునేది మూడో ఏడాదిలోకి, కాబట్టి రెండో మెట్టులో "దారి ఆ" అని చెప్పిన సమస్య అక్కడ తప్పకుండా ఎదురవుతుంది. యూసీ (కాలిఫోర్నియా యూనివర్సిటీ) క్యాంపస్‌లలో సీటు హామీ ఇచ్చే ట్యాగ్ పథకం బర్క్‌లీలో, యూసీఎల్ఏలో, శాన్ డియాగోలో లేదు.

ప్రతి చోటికీ ఒక్క ప్రశ్న తప్పనిసరి: సీటు యూనివర్సిటీలోనా, నేరుగా బిజినెస్ స్కూల్లోనా? యూనివర్సిటీలో చేరాక బిజినెస్ స్కూల్‌కి మళ్లీ పోటీ పడాలంటే, మీరు మారింది సగం దూరమే.

## 8. దరఖాస్తు వరుస

ప్రైవేటు యూనివర్సిటీల గడువులు ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉంటాయి. యూసీ దరఖాస్తులు మాత్రం నవంబర్ చివరికే. ప్రైవేటువాటికి ఈ వరుస పాటించండి.

1. సెప్టెంబర్, అక్టోబర్: ఇద్దరు ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థులను విడిగా కలిసే వేళలకి) ప్రతి రెండు వారాలకూ వెళ్లండి. మూడొందల మంది కూర్చునే క్లాసులో మీ పేరు తెలియని ప్రొఫెసర్ రాసే ఉత్తరం ఎందుకూ పనికిరాదు.
2. డిసెంబర్: మొదటి సెమిస్టర్ గ్రేడ్లు. 3.7 కంటే తక్కువ వస్తే పెద్దచోట్ల ఆశ తగ్గించుకోండి. ఇది నా అంచనా, ఎవరి నిబంధనా కాదు.
3. జనవరి: చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు వేసే కామన్ యాప్‌లో ట్రాన్స్‌ఫర్ ఖాతా తెరవండి. ఫస్టియర్ ఖాతా ఫారాలు దీనికి పనికిరావు. కాలేజ్ రిపోర్ట్, మిడ్ టర్మ్ రిపోర్ట్ ఎవరు నింపాలో అప్పుడే అడిగి పెట్టుకోండి.
4. ఫిబ్రవరి: వ్యాసం.
5. మార్చి: పంపండి. మిడ్ టర్మ్ గ్రేడ్లు రాగానే ప్రొఫెసర్ సంతకం తీసుకోండి.

వ్యాసంలో పాత కాలేజీని తిట్టకండి. "మా దగ్గర బ్యాంకులు రావు" అన్నది నిజమే అయినా, చదివేవాళ్లకు మీరు ఉద్యోగం కోసం క్యాంపస్‌ను వాడుకుంటున్నారనిపిస్తుంది. ఇక్కడ ఏం చేశారో, ఎక్కడ ఆగిపోయారో, అక్కడున్న ఏ కోర్సు, ఏ ప్రొఫెసర్ పని, ఏ ల్యాబ్ ఆ తర్వాతి మెట్టో రాయండి. కాలేజీ పేరు మార్చినా అతికిపోయే పేరా ఉంటే కొట్టేయండి.

## 9. మారకపోతే ఏం చేయాలి

ఈ పనులు దరఖాస్తు వేసినవాళ్లూ చేయాలి, ఎందుకంటే జవాబు మే నెల దాకా రాకపోవచ్చు.

- స్టూడెంట్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్‌లో చేరండి. లేకపోతే ఇద్దరు స్నేహితులతో ప్రతి ఆదివారం ఒక కంపెనీ వార్షిక నివేదిక చదవడం మొదలుపెట్టండి.
- ఫస్టియర్ వేసవిలో ఏ చిన్న పనైనా సరే, డబ్బు లెక్కలు తాకేది చేయండి. సీపీఏ ఆఫీసు, వెల్త్ మేనేజ్‌మెంట్ ఆఫీసు, ప్రాంతీయ బ్యాంకు. మనవాళ్లలో పన్ను రిటర్నులు వేసే ఆఫీసులు ప్రతి ఊళ్లో ఉన్నాయి, అడగండి. ఎఫ్-1 వాళ్లు మాత్రం ముందు డీఎస్ఓ అనుమతి లేకుండా అడుగు వేయొద్దు, జీతం లేని పని అయినా సరే.
- సెక్యూరిటీస్ రంగంలో ప్రాథమిక పరీక్ష అయిన ఎస్ఐఈ రాయండి. దీనికి ఏ కంపెనీ స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు, 18 ఏళ్లు నిండితే చాలు.
- పెట్టుబడుల విశ్లేషణ సర్టిఫికెట్ అయిన సీఎఫ్ఏ మొదటి లెవెల్ పరీక్ష డిగ్రీ పూర్తికావడానికి 23 నెలల లోపు ఉంటే రాయొచ్చు. ఇది అసెట్ మేనేజ్‌మెంట్‌కి బాగా ఉపయోగం, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌కి అంతగా కాదు.
- డిగ్రీ తర్వాత ఒక ఏడాది మాస్టర్స్ ఇన్ ఫైనాన్స్ ఖర్చును, మూడేళ్ల ట్రాన్స్‌ఫర్ ఖర్చును పక్కపక్కన పెట్టి చూడండి. చాలాసార్లు మొదటిదే చవక, రిక్రూటింగ్‌కి రెండో అవకాశం కూడా ఇస్తుంది.

## 10. తరచూ చేసే తప్పులు, సర్దుకునే మార్గాలు

మనసు ముందే వెళ్లిపోవడం. ఎలాగూ మారుతున్నాం కదా అని రెండో సెమిస్టర్‌లో క్లబ్బులు మానేస్తారు, గ్రేడ్లు జారతాయి. సీటు షరతులతో ఇస్తారు, చివరి గ్రేడ్లు చూశాకే ఖాయం. సర్దుబాటు: విత్‌డ్రా ఫారం మీద సంతకం చేసే రోజు దాకా మీరు ఆ కాలేజీ విద్యార్థే అన్నట్టు ఉండండి.

ఎయిడ్ ఉత్తరం, అంటే ఎంత ఆర్థిక సాయం ఇస్తారో చెప్పేది, రాకముందే డిపాజిట్ కట్టడం. ఆలూ లేదు చూలూ లేదు, బంధువులందరికీ ఫోన్లు వెళ్లిపోతాయి. తర్వాత వెనక్కి తగ్గడానికి మొహమాటం. సర్దుబాటు: ఎయిడ్ ఉత్తరం ఆలస్యమైతే డిపాజిట్ గడువు పొడిగించమని మెయిల్ పెట్టండి. అడిగితే చాలాసార్లు ఇస్తారు.

పాత గ్రేడ్లు మాయమవుతాయనుకోవడం. కొత్త చోట జీపీఏ సాధారణంగా సున్నా నుంచి మొదలవుతుంది నిజమే. కానీ బ్యాంకు రెండు ట్రాన్స్‌క్రిప్ట్‌లూ అడుగుతుంది. సర్దుబాటు: రెజ్యూమేలో రెండు కాలేజీలూ, రెండు జీపీఏలూ రాయండి.

నాన్నగారు అడ్మిషన్స్‌కి ఫోన్ చేయడం. చేయకండి. విద్యార్థి అనుమతి లేనిదే వాళ్లు వివరాలు చెప్పరు, పిల్లల మీద మంచి అభిప్రాయమూ కలగదు. మీరు ఫోన్ చేయాల్సింది ఫీజులు చూసే బర్సర్ ఆఫీసుకి, ఫీజు సంగతి వచ్చినప్పుడు.

## 11. మారాక మొదటి అరవై రోజులు

ఇది దారి అ లో వెళ్లినవాళ్లకు. మీకు నాలుగు నెలలే ఉన్నాయి, అందులో రెండింటికి పట్టిక ఇదిగో.

- చేరడానికి ముందు, జూలైలో: ఫైనాన్స్ క్లబ్బుల దరఖాస్తు తేదీలు కనుక్కోండి. చాలావాటికి సెప్టెంబర్ మొదటి రెండు వారాలే అవకాశం, ఇంటర్వ్యూలు కూడా ఉంటాయి. అకౌంటింగ్ ప్రశ్నలు, వాల్యుయేషన్ మూలసూత్రాలు ఈ నెలలోనే పూర్తిచేయండి.
- మొదటి వారం: కెరీర్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్. మీ డిగ్రీ తేదీ వాళ్ల సిస్టమ్‌లో సరిగ్గా ఉందో లేదో చూడండి. ట్రాన్స్‌ఫర్ వాళ్లకు ఇది తరచూ తప్పుగా పడుతుంది. తప్పుంటే ఇంటర్న్‌షిప్ ప్రకటనలు మీకు కనబడనే కనబడవు.
- రెండో వారం: క్రెడిట్ మదింపులో ఎలెక్టివ్‌గా పడిన కోర్సులకు అప్పీలు, సిలబస్‌తో సహా. డిపార్ట్‌మెంట్‌కి నేరుగా వెళ్లండి.
- మూడు నుంచి ఆరు వారాలు: కొత్త కాలేజీ పాత విద్యార్థులతో వారానికి ముగ్గురు చొప్పున ఫోన్ మాటలు. మొదటి వాక్యంలోనే ట్రాన్స్‌ఫర్ అని చెప్పేయండి. బ్యాంకుల్లో మారి వచ్చినవాళ్లూ ఉంటారు, వాళ్లు ఇంకో పది నిమిషాలు ఎక్కువ మాట్లాడతారు.
- ఏడు, ఎనిమిది వారాలు: మిడ్ టర్మ్‌లు. కొత్త కాలేజీ జీపీఏగా బ్యాంకుకు చూపేది ఈ ఒక్క సెమిస్టర్‌దే కాబట్టి, ఈ రెండు వారాలు ఫోన్లు ఆపేసి చదువుకోండి. కష్టమైన కోర్సులు రెండుకు మించి రిజిస్టర్ చేసుకుని ఉంటే, డ్రాప్ గడువు ఎప్పుడో ఇప్పుడే చూసుకోండి. ఎఫ్-1 వాళ్లు పన్నెండు క్రెడిట్ల కిందికి దిగకుండా చూసుకోవాలి.